దక్షిణాఫ్రికా కడుపులో లెసోతో: విడి దేశంగా ఉండి ఏం లాభం?

రేణిగుంట_ప్యాసింజర్
2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల పట్టిక బయటపెట్టినప్పుడు అందరికంటే పెద్ద దెబ్బ, 50%, లెసోతోకి తగిలింది. అంతకు ముందు నెలలోనే అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగిస్తూ "ఎవరూ పేరు కూడా వినని దేశం" అన్నట్టు మాట్లాడాడు. అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. 30 వేల చదరపు కిలోమీటర్ల చిల్లర విస్తీర్ణం, 23 లక్షల జనం. ఎటు నడిచినా సరిహద్దు దాటితే దక్షిణాఫ్రికాయే. వాటికన్, శాన్ మారినో తప్ప ఇలా ఒకే దేశం చుట్టేసిన దేశం ఇంకోటి లేదట.

నాకు అర్థం కానిది ఒకటే. వీళ్ళ కరెన్సీ లోటి, దక్షిణాఫ్రికా ర్యాండ్‌తో ఒకటికి ఒకటి కట్టేశారు. దుకాణంలో ర్యాండ్ ఇచ్చినా తీసుకుంటారు. తినే మొక్కజొన్న పిండి దగ్గర్నుంచి పెట్రోలు దాకా అక్కడి నుంచే రావాలి. పనికీ అక్కడికే పోవాలి. అపార్థీడ్ (జాతి వివక్ష పాలన) పోయి 30 ఏళ్ళు దాటింది. ఇంకా రాజు, పార్లమెంటు, సైన్యం, రాయబార కార్యాలయాలు అంటూ విడిగా ఖర్చు ఎందుకు? కలిసిపోతే పోలేదా?

గోదారోడు
ఇంటర్నెట్‌లో దేశాలు కలపడం చాలా తేలిక మాస్టారూ. వాళ్ళ ముత్తాతలు కలవకుండా ఉండటానికే తుపాకులు పట్టారు.

పాతపుటలు
గోదారోడు గారు ఎగతాళిగా అన్నా అసలు మాట అదే. 1820ల్లో ఆ ప్రాంతమంతా యుద్ధాలు, కరువు. మొష్వేష్వే అనే నాయకుడు చెల్లాచెదురైన గుంపుల్ని 1824లో థాబా బొసియు అనే బల్లపరుపు కొండ మీదికి చేర్చాడు. బోయర్లు (డచ్ మూలాల తెల్లజాతి రైతులు) ఎన్నిసార్లు వచ్చినా ఆ కొండ ఎక్కలేకపోయారు. కొండ దక్కింది కానీ పొలాలు పోయాయి. కాలెడన్ నదికి పడమరనున్న మంచి సాగుభూమి అంతా ఫ్రీ స్టేట్ (ఇప్పుడు దక్షిణాఫ్రికాలో ఒక రాష్ట్రం) బోయర్ల పాలైంది. మిగిలింది కూడా పోయేలా ఉందని 1868లో ఆయనే బ్రిటిష్ రాణి రక్షణ కోరాడు. ఓడిపోయి లొంగినవాడు కాదు, ఏ యజమాని తక్కువ ప్రమాదమో చూసుకుని ఎంచుకున్నవాడు.

బ్రిటిష్‌వాళ్ళు మూడేళ్ళకే, 1871లో, వీళ్ళని పక్కనున్న తమ వలస కేప్ కాలనీకి అంటగట్టారు. 1880లో కేప్ ప్రభుత్వం "మీ తుపాకులు అప్పజెప్పండి" అంటే బసోతోలు (లెసోతో ప్రజలు) తిరగబడ్డారు. కేప్ సేనలు నెగ్గలేకపోయాయి. చివరికి 1884లో మళ్ళీ లండన్ నేరుగా పాలనలోకి తీసుకుంది. ఇది జరగకపోతే 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడ్డప్పుడు ఈ ముక్క దాంట్లో ఉండేది, తర్వాత అపార్థీడ్ కింద ఇంకో బంటుస్తాన్ (నల్లవాళ్ళకని కేటాయించిన పేరుకే స్వపాలన ప్రాంతం) అయ్యేది. 1966 అక్టోబర్ 4న స్వతంత్రం వచ్చింది.

పోయిన పొలాల సంగతి ఇంకా మర్చిపోలేదు. 2023లో అక్కడి పార్లమెంటులో ఒక సభ్యుడు ఫ్రీ స్టేట్ మొత్తం మాదేనని తీర్మానం పెట్టాడు. దేశం పోయి అవతల కలవాలని కాదు, అవతలిదే మాలో కలవాలని!

రేణిగుంట_ప్యాసింజర్
చరిత్ర బాగుందండీ. కానీ నేను అడిగింది 1994 తర్వాత సంగతి. పౌరుషం కూడు పెట్టదు కదా.

వాల్‌తీరం
జొహాన్నెస్‌బర్గ్‌లో ఉంటాను కాబట్టి ఇందులో నాకూ వాటా ఉంది. ఈ ఊళ్ళో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో కొంత లెసోతో కొండల నీళ్ళే. 2024 అక్టోబర్ నుంచి ఆరు నెలలు ఆ నీళ్ళు తెచ్చే సొరంగం మరమ్మతులకి మూసేస్తున్నామంటే ఇక్కడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో టెన్షన్ మామూలుగా లేదు. పేద దేశం, పేద దేశం అంటాం గానీ ఆఫ్రికాలోకెల్లా పెద్ద పారిశ్రామిక ప్రాంతం దాహం తీరుస్తున్నది అదే.

కారణం భూగోళం. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లపు చోటే సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలో ఇంకే దేశానికీ అంత ఎత్తైన 'పల్లం' లేదు. పైన 3,482 మీటర్ల థబానా ఎంట్‌లెన్యానా శిఖరం. జూన్, జూలైల్లో మంచు కురుస్తుంది. పండించడానికి పనికొచ్చే నేల పదో వంతు మాత్రమే, అదీ పడమటి అంచున, అదీ వానకి కోసుకుపోయి గండ్లు పడి. అంటే పైరుకి పనికిరాని కొండలే నీళ్ళకి పనికొచ్చాయి. ఆరెంజ్ నది పుట్టేది అక్కడే, వాళ్ళు సెంకూ అంటారు.

1986లో ఒప్పందం. కట్సే డ్యామ్ 185 మీటర్ల ఎత్తు, ఆ తర్వాత మొహాలే 145 మీటర్లు. కట్సే నుంచి రెండు సొరంగాల్లో సుమారు 80 కిలోమీటర్లు పారి, మధ్యలో ముయేలా దగ్గర 72 మెగావాట్ల కరెంటు పుట్టించి, నీళ్ళు దక్షిణాఫ్రికా వైపు యాష్ నదిలో పడతాయి. ఎక్కడా పంపు లేదు. 1998 జనవరి నుంచి వస్తున్నాయి. ఏడాదికి సుమారు 78 కోట్ల ఘనపు మీటర్లు.

డబ్బు లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దక్షిణాఫ్రికాకి ఇంకో దారి ఉండేది: నది తన భూమిలోకి దిగాక పంపులతో వాల్ నదిలోకి ఎత్తిపోయడం. దానికయ్యే ఖర్చెంత, లెసోతో నుంచి వాలు మీద తెచ్చుకుంటే అయ్యే ఖర్చెంత అని చూసి, మిగిలిన తేడాలో 56% లెసోతోకి, 44% దక్షిణాఫ్రికాకి అని రాసుకున్నారు. కట్టడం ఖర్చు, అప్పు తీర్చడం నీళ్ళు తీసుకునేవాడిదే. లెసోతో తన కరెంటు ప్లాంటు ఖర్చు మటుకు తను పెట్టుకుంది.

రేణిగుంట గారూ, ఇప్పుడు మీ ప్రశ్నకి రండి. ఆ కొండలు దక్షిణాఫ్రికాలో ఓ జిల్లా అయితే రాయల్టీ ఎవరికిస్తారు? దేశం లోపలి నీళ్ళకి దేశం ఎవరికీ అద్దె కట్టదు. సరిహద్దు ఉంది కాబట్టే నీళ్ళకి ధర ఉంది.

తుంగభద్ర_77
ఆ 56% మాట వింటే కడుపు మండుతోందన్నా. మాకు ఎగువన ఉన్నవాళ్ళు, దిగువన ఉన్నవాళ్ళు ఇద్దరూ పంచుకుని మమ్మల్ని...

నిర్వాహకుడు
కృష్ణా, తుంగభద్ర పంపకాలకి వేరే చర్చ ఉంది, 400 పేజీలు దాటింది. దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ లెసోతో మాత్రమే.

గోదారోడు
సరే, నీళ్ళకి డబ్బొచ్చింది. ఎవరి జేబులోకి? ఆ ప్రాజెక్టు మొదటి చీఫ్ ఎగ్జిక్యూటివ్ మసూఫా సోలే లంచాలు మింగి 2002లో జైలుకి పోయాడు కదా.

వాల్‌తీరం
పోయాడు. కానీ కథలో మిగతా సగం కూడా చెప్పాలి. పేద దేశాల్లో లంచం కేసంటే తీసుకున్నవాడిని పట్టుకుని, ఇచ్చిన విదేశీ కంపెనీని వదిలేయడం మామూలు. లెసోతో కోర్టులు అలా వదల్లేదు. కెనడా ఇంజినీరింగ్ కంపెనీ ఏకర్స్ ఇంటర్నేషనల్‌ని, ఆ తర్వాత జర్మనీ కంపెనీ లాహ్‌మేయర్‌ని బోనెక్కించి శిక్ష వేశాయి. స్విస్ బ్యాంకు ఖాతాల కాగితాలు తెప్పించుకుని మరీ. వాటి ఆధారంగానే ప్రపంచ బ్యాంకు తర్వాత ఆ కంపెనీలని తన కాంట్రాక్టుల నుంచి కొన్నేళ్ళు బహిష్కరించింది. 20 లక్షల జనం దేశం చేసిన పని అది.

మీరు అడగాల్సింది మునిగిపోయిన ఊళ్ళ గురించి. మొహాలే లోయ ఉన్న కాసింత మంచి పంటభూమిలో ఒకటి. భూమి పోయినవాళ్ళకి ఏటా ధాన్యం, పప్పులు 50 ఏళ్ళ పాటు ఇస్తామన్నారు, లేదా డబ్బు. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ళ మాటలు విన్నవాళ్ళకి ఇది ఎలా సాగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రిజర్వాయరు గట్టున ఉన్న పల్లెల్లో ఇప్పటికీ ఊట దగ్గర బిందెలు పట్టే ఇళ్ళు ఉన్నాయి.

లెక్కలమాస్టారు
నీళ్ళు అందరికీ కనబడతాయి. అంతకంటే పెద్ద రాబడి ఒకటుంది, కనబడదు. దక్షిణ ప్రాంత ఆఫ్రికా దేశాల కస్టమ్స్ యూనియన్, 1910 నాటిది, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అతి పాతది. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, నమీబియా, ఎస్వతీనీ, లెసోతో సభ్యులు. బయటి నుంచి వచ్చే సరుకు మీద సుంకం అంతా ఒక హుండీలో వేసి పంచుకుంటారు.

పంచే పద్ధతి చూడండి. 2002 ఒప్పందం ప్రకారం కస్టమ్స్ వాటా దేనిమీద ఆధారపడుతుందంటే, సభ్యదేశాల నుంచి నువ్వు ఎంత కొన్నావు అన్నదాని మీద. లెసోతో దాదాపు అన్నీ దక్షిణాఫ్రికా నుంచే కొంటుంది కాబట్టి దాని వాటా దాని సైజుకి మించి ఉంటుంది. ఏం తయారుచేయకపోవడమే ఆదాయం అన్నమాట! ఎక్సైజులో కూడా 15% అభివృద్ధి నిధి కింద విడిగా తీసి, వెనకబడ్డవాళ్ళకి మొగ్గు ఉండేలా పంచుతారు. మంచి సంవత్సరంలో ప్రభుత్వ రాబడిలో సగానికి దగ్గరగా ఇదే ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే ఈ హుండీ దక్షిణాఫ్రికా వ్యాపారం బాగుంటే నిండుతుంది, లేకపోతే ఖాళీ. 2009 సంక్షోభం తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. రాజధాని మసేరులో ఆర్థికమంత్రి ఎంత తెలివైనవాడైనా చేయగలిగింది లేదు. వడ్డీ రేటు తన చేతిలో లేదు, మారకం రేటు లేదు, దిగుమతి సుంకం లేదు. మిగిలింది ఖర్చు ఒక్కటే. అక్కడేమో ఉద్యోగుల జీతాల బిల్లు, దేశ ఆదాయంతో పోలిస్తే, ప్రపంచంలోనే చాలా ఎక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. ప్రైవేటులో పని లేనిచోట సర్కారు ఉద్యోగమే జీవనాధారం అవుతుంది, తగ్గించబోతే ఎన్నికల్లో పోతారు.

సుభద్ర_ఖమ్మం
వజ్రాలు కూడా ఉన్నాయని విన్నాను. పెద్ద పెద్దవి?

లెక్కలమాస్టారు
ఉన్నాయమ్మా. లెట్సెంగ్ గని 3,100 మీటర్ల ఎత్తున. వంద టన్నుల రాయి పగలగొడితే రెండు క్యారట్లు కూడా రావు, కానీ వచ్చేవాటిలో భారీ రాళ్ళు ఎక్కువ. 2006లో 603 క్యారట్లు, 2018లో 910 క్యారట్లు. గనిలో ప్రభుత్వానికి 30% వాటా, మిగతాది జెమ్ డైమండ్స్ కంపెనీది. పేపర్లో ఫొటోలు బాగుంటాయి, ఉద్యోగాలు మాత్రం కొద్ది.

కుట్టుమిషన్
గార్మెంట్స్ సోర్సింగ్‌లో పని చేస్తాను, ఆ దేశం గురించి మా ఫీల్డులో తెలియనివాళ్ళు తక్కువ. ట్రంప్ వినలేదేమో గానీ అమెరికాలో అమ్ముడయ్యే లెవీస్ జీన్స్‌లో కొన్ని మసేరులో కుట్టినవే.

మొదట తైవాన్ వాళ్ళు 1980ల్లో వచ్చారు. అపార్థీడ్ మూలంగా దక్షిణాఫ్రికా మీద ఆంక్షలు, పక్కనే అన్ని సౌకర్యాలతో ఆంక్షలు లేని దేశం. అసలు ఊపు 2000లో ఆఫ్రికా దేశాల సరుకుకి సుంకం మినహాయించే అగోవా చట్టం అమెరికా తెచ్చాక. అందులో కీలకం ఒక చిన్న వెసులుబాటు: బాగా వెనకబడ్డ దేశాలు బట్ట ఎక్కడి నుంచి తెచ్చుకున్నా సరే, తమ దగ్గర కుడితే చాలు, సుంకం ఉండేది కాదు. చైనా బట్ట డర్బన్ రేవులో దిగి లారీలో మసేరు, మపుట్సో వెళ్ళి, ప్యాంటై మళ్ళీ డర్బన్ రేవుకే వస్తుంది. దక్షిణాఫ్రికాకి ఈ వెసులుబాటు లేదు. వాల్‌తీరం గారు నీళ్ళకి చెప్పిన మాటే ఇక్కడా. కలిసిపోయిన మర్నాడు ఆ ఫ్యాక్టరీలు ఉండవు.

మంచి రోజుల్లో 50 వేల మంది దాకా పనిచేశారు, ఎక్కువ మంది ఆడవాళ్ళు. ప్రభుత్వం తర్వాత పెద్ద యజమాని ఈ రంగమే. అలాగని నిలకడ లేదు. 2005 జనవరిలో ప్రపంచవ్యాప్తంగా జౌళి కోటాలు ఎత్తేసే సమయానికి కొందరు యజమానులు చెప్పాపెట్టకుండా షెడ్డు మూసి వెళ్ళిపోయారు.

50% ఎలా వచ్చిందో చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2024లో అమెరికా వీళ్ళ దగ్గర కొన్నది సుమారు 23.7 కోట్ల డాలర్ల సరుకు, అమ్మింది 30 లక్షల లోపు. లోటుని దిగుమతితో భాగిస్తే 99%. దాంట్లో సగం 50%. అంతే, వీళ్ళు చేసిన నేరమేమీ లేదు. కడుపునిండా తినని ఆడమనిషి కుట్టిన ప్యాంటు అమెరికావాడు కొనుక్కున్నాడు, ఆమె ఫోర్డ్ కారు కొనలేదు, అది ఆమె తప్పయింది. ఆగస్టులో 15%కి తగ్గించారు కానీ ఆ నాలుగు నెలల్లో ఆర్డర్లు ఎటో వెళ్ళిపోయాయి. మాకు తెలిసిన బయ్యర్లు ఎవరూ "ఆగి చూద్దాం" అనలేదు. జూలైలో ప్రభుత్వం నిరుద్యోగం మీద విపత్తు స్థితి ప్రకటించింది. ఇంత దాకా వరదలకి, కరువుకి ప్రకటించడం చూశాం.

సుభద్ర_ఖమ్మం
ఆడవాళ్ళే ఎందుకు? మగవాళ్ళు ఏం చేస్తున్నారు?

పాతపుటలు
మగవాళ్ళు గనుల్లో ఉండేవారు. 1990 ప్రాంతంలో లక్ష మందికి పైగా బసోతోలు దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో దిగేవారు. జీతంలో కొంత భాగం చేతికివ్వకుండా లెసోతో బ్యాంకులో వేసేవారు, సెలవుకి ఇంటికొచ్చాక తీసుకోవాలి. ఆ జీతాలతోనే ఇళ్ళు కట్టారు, పశువులు కొన్నారు. తర్వాత బంగారం లోతుకి పోయి ఖర్చు పెరిగింది, గనులు స్థానికులకే పని ఇవ్వడం మొదలుపెట్టాయి, ఆ సంఖ్య కూలిపోయింది. తిరిగొచ్చినవాళ్ళు ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చారు. హెచ్‌ఐవీ కూడా ఆ వలస దారిలోనే వ్యాపించింది, ఇప్పుడు పెద్దవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి ఉంది.

అక్కడ చదువులో ఆడపిల్లలే ముందుంటారు. మగపిల్లల్ని ఆరేడేళ్ళకే గొర్రెలు, మేకలు కాయడానికి కొండల మీదికి పంపుతారు. మెరీనో ఉన్ని, అంగోరా మేకల మొహేర్ వాళ్ళ ముఖ్య ఎగుమతుల్లో ఉన్నాయి. 2018లో ఉన్ని అంతా దేశంలోని ఏజెంటు ద్వారానే అమ్మాలని ప్రభుత్వం నిబంధన పెడితే రైతులకి నెలల తరబడి డబ్బు రాలేదు, వేలమంది మసేరు వీధుల్లోకి వచ్చారు.

మాజీసైనికుడు
రాజకీయాల గురించి ఎవరూ రాయలేదు. 2001 నుంచి మన ఆర్మీ శిక్షణ బృందం ఒకటి లెసోతో సైన్యానికి తర్ఫీదు ఇస్తూ వచ్చింది. మా యూనిట్‌లో ఒకాయన వెళ్ళొచ్చాడు. చలికి కంబళి కప్పుకుని గుర్రం మీద తిరిగే జనం, మర్యాదస్తులు అనేవాడు. మరి ఆ మర్యాదస్తుల దేశంలో సైన్యం ఎన్నిసార్లు బారక్స్ దాటిందో చూడండి.

1970లో ప్రధాని లెబువా జోనథన్ ఎన్నికల్లో ఓడిపోతున్నానని తెలిసి ఫలితాలే రద్దు చేశాడు. 1982 డిసెంబరులో దక్షిణాఫ్రికా కమాండోలు రాత్రికి రాత్రి మసేరులో దిగి ఏఎన్‌సీ (అపార్థీడ్ మీద పోరాడిన పార్టీ) శరణార్థుల ఇళ్ళ మీద పడ్డారు, 42 మంది చనిపోయారు, అందులో స్థానికులూ ఉన్నారు. 1986 జనవరి మొదట్లో సరిహద్దు మూసేశారు, మూడు వారాల్లో జోనథన్ ప్రభుత్వాన్ని సైన్యం పడగొట్టింది. నీళ్ళ ఒప్పందం మీద సంతకాలు అదే ఏడాది అక్టోబర్‌లో. 56% మంచి బేరమే, కాదనను. కానీ బేరం చేసింది ఎన్నికైన ప్రభుత్వం కాదు, అవతలివాడి చెయ్యి అప్పటికే గొంతు మీద ఉంది.

1998లో ఒకే పార్టీ 80 స్థానాల్లో 79 గెలిచింది. ఓట్లు సుమారు 60 శాతమే. ప్రతిపక్షం రోడ్డెక్కింది, సైన్యంలో తిరుగుబాటు, ప్రధాని పొరుగువాళ్ళని పిలిచాడు. దక్షిణాఫ్రికా సేనలు సెప్టెంబర్ 22న వచ్చాయి, తర్వాత బోట్స్వానా. రాజధాని నడిబొడ్డు తగలబడింది. వచ్చిన సేన మొదట్లోనే పట్టు సాధించిన చోట్లలో కట్సే డ్యామ్ ఒకటి, అక్కడ కాపలా ఉన్న లెసోతో సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశం ఎవరిదైనా డ్యామ్ ఎవరిదో ఆ రోజు తెలిసిపోయింది.

ఆ తర్వాత చేసిన మార్పు తెలివైనది. 2002 నుంచి పార్లమెంటులో 120 సీట్లు. 80 నియోజకవర్గాల నుంచి, 40 ఓట్ల నిష్పత్తిని సరిదిద్దడానికి. ఒక్కరే ఊడ్చేయడం పోయింది. బదులు 2012 నుంచి సంకీర్ణాలు వచ్చాయి, 2022 దాకా ఒక్కటీ పూర్తికాలం నిలవలేదు. 2014లో మళ్ళీ సైన్యం పోలీసు స్టేషన్ల మీద పడితే ప్రధాని టామ్ తబానే సరిహద్దు దాటి పారిపోయాడు. 2022లో శామ్ మటెకానే అనే కోటీశ్వరుడు ఎన్నికలకి కొన్ని నెలల ముందు పార్టీ పెట్టి 56 సీట్లు గెలిచాడు. రాజు లెట్సీ 3కి అధికారం లేదు, గౌరవం ఉంది. సెనేట్‌లో 33 మందిలో 22 మంది వంశపారంపర్య సంస్థానాధిపతులు. ఊళ్ళల్లో ఇప్పటికీ నాయకుడి ఉత్తరం లేనిదే పనులు సాగవు.

రేణిగుంట_ప్యాసింజర్
ఇదంతా చదివాక నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. నీళ్ళ డబ్బు, హుండీ వాటా, అగోవా, మూడూ సరిహద్దు మీద వచ్చే అద్దెలు. సరే. ఆ అద్దె తినేది జీతాలు, సంకీర్ణాలు. సగటు మనిషి జొహాన్నెస్‌బర్గ్‌లో పనిమనిషిగానో, దొంగగా గనుల్లో దిగో బతుకుతున్నాడు. దేశం లాభపడింది, మనిషి లాభపడలేదు. విలీనమైతే కనీసం పెన్షను, పని చేసే హక్కు వస్తాయి కదా?

వాల్‌తీరం
దానికి జవాబు సరిహద్దు పక్కనే ఉంది. క్వాక్వా అని ఫ్రీ స్టేట్‌లో తూర్పు మూల, లెసోతోకి ఆనుకునే ఉంటుంది. అదే భాష, అదే జనం, అవే కొండలు. అపార్థీడ్ వాళ్ళు దాన్ని బంటుస్తాన్ చేశారు, 1994లో దక్షిణాఫ్రికాలో కలిసింది. పెన్షను వస్తుంది, పిల్లలకి గ్రాంటు వస్తుంది, అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. పని? లేదు. నీళ్ళు? 2020లో కుళాయిలు ఎండిపోయి జనం రోడ్లు దిగ్బంధం చేశారు, నీళ్ళకి వెళ్ళిన చిన్నపిల్ల ఏట్లో పడి చనిపోయింది. పెద్ద దేశంలో మూలనున్న జిల్లా మాట ఎవరు వింటారు? లెసోతో ప్రధాని ప్రిటోరియాలో కూర్చుని మాట్లాడగలడు, క్వాక్వా మున్సిపాలిటీకి ఆ కుర్చీ లేదు.

నన్నడిగితే కావలసింది విలీనం కాదు, గేటు తెరవడం. పని కోసం రాకపోకలకి అడ్డు తీసేస్తే చాలు. 2016 నుంచి లెసోతోవాళ్ళకి ప్రత్యేక పర్మిట్లు ఇస్తున్నారు, అదీ తాత్కాలికంగా, గడువు పొడిగిస్తూ. సరుకుకి లేని గోడ మనిషికి ఎందుకు?

గోదారోడు
దక్షిణాఫ్రికాలో నిరుద్యోగం 30 శాతం దాటి ఉంటే ఆ గేటు తెరిచే మొనగాడు ఎవరండీ అక్కడ? ఓట్లు పోతాయి.

వాల్‌తీరం
అదీ నిజమే. ఇక్కడ విదేశీయుల దుకాణాల మీద దాడులు ఎలా జరుగుతాయో చూశాను.

కుట్టుమిషన్
రెండో దశ డ్యామ్ సంగతి ఏమైంది? దాంట్లో లోకల్‌గా పని దొరుకుతుందని అప్పట్లో ఆశ పడ్డారు.

వాల్‌తీరం
పొలిహాలి డ్యామ్. 2011లో ఒప్పందం, పనులు బాగా ఆలస్యంగా మొదలయ్యాయి, ఇప్పుడు 2028, 29 అంటున్నారు. అక్కడి నుంచి కట్సేకి 38 కిలోమీటర్ల సొరంగం. పూర్తయితే ఏటా 78 కోట్ల బదులు 127 కోట్ల ఘనపు మీటర్లు, రాయల్టీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. కట్టినన్నాళ్ళు కూలి పని ఉంటుంది, స్థానికులనే పెట్టుకోవట్లేదని గొడవలూ ఉంటాయి. కరెంటు ఇప్పటికీ చాలక దక్షిణాఫ్రికా నుంచి, మొజాంబిక్ నుంచి కొంటున్నారు. అందుకే ఈసారి ఆక్స్‌బో దగ్గర ఇంకో జలవిద్యుత్ కేంద్రం అడిగారు. అది డ్యామ్‌తో పాటే వస్తుందా, వెనక పడుతుందా అన్నది చూడాలి.